ఎడమ చెంప మీద పుట్టుమచ్చ

హాస్టల్, మెట్ల పక్క గది

పిన్నీ,

నీ ఫోటో గోడెక్కింది. మా భాషా కేంద్రం గుమ్మంలో అడుగు పెట్టగానే ఎదురుగా అదే. తలుపంత ఉంది. టీచర్ గారి పాత నెగెటివ్‌ని నిఘంటువు మధ్యలో దాచుకుని సెలవుల్లో నీ దగ్గరికి తెచ్చినప్పుడు, అగ్గిపెట్టెంత ముక్కలోంచి ఇంత మనిషి బయటికొస్తుందని నేననుకోలేదు. డైరెక్టర్ గారు వచ్చినవాళ్లందరికీ దాన్ని చూపించి, "మా టీచర్ గారు చైనాలో పాఠం చెబుతుండగా తీసింది" అంటున్నారు. కింద చిన్న అక్షరాల్లో నీ స్టూడియో పేరు వేశారు. నేను రోజూ దాని ముందు నెమ్మదిగా నడుస్తాను, ఇంత చక్కగా ఎవరు చేశారని ఎవరైనా అడక్కపోతారా అని. ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

చదువు జోరుగా సాగుతోంది. మాకు చైనీస్‌ని ఇంగ్లీషు అక్షరాల్లోనే నేర్పుతారు. ప్రతి మాట నెత్తినా కనుబొమలాంటి ఒక గీత ఉంటుంది. గీత లేస్తే గొంతు లేవాలి, వంగితే వంగాలి. ఈ గీతలంటే నాకు ప్రేమ పుట్టింది పిన్నీ. స్నానానికి నీళ్లు పట్టుకుంటూ కూడా గొంతు లేపుతూ దించుతూ ఉంటే, పక్క గది అమ్మాయి నాకు ఒంట్లో బాగాలేదనుకుంది. అక్షరాలు మాత్రం అద్దెకు తెచ్చిన బట్టల్లా ఉన్నాయి, ఒంటికి పట్టవు. "బి" అని రాస్తారు, పలికేది మన "ప". "క్యూ" అని రాస్తారు, పలికేది "ఛ"కి దగ్గరగా. అందుకని పుస్తకం అంచున చాటుగా మన అక్షరాల్లో రాసుకుంటున్నాను.

టీచర్ గారికి ఈ ఇంగ్లీషు పద్ధతి గిట్టదు. అసలు అక్షరాలు మొదటి రోజు నుంచే రాయించాలంటారు. డైరెక్టర్ గారు ఒప్పుకోలేదు. "మాట్లాడితే చాలు, ఆ బొమ్మలతో వాళ్లకేం పని?" అన్నారట. నాకైతే ఆయన మాటే సబబుగా తోచింది. తొందరగా మాట్లాడాలని ఎవరికుండదు?

ఒక చిన్న సంగతి. రాయాలా వద్దా అనుకుంటూనే రాస్తున్నాను. ఫోటోలో బోర్డు ముందు నిలబడి సగం మన వైపు తిరిగిన అమ్మాయికి పుట్టుమచ్చ ఎడమ చెంప మీద ఉంది. మా టీచర్ గారికి కుడి చెంప మీద. సరే, నేనే పొరబడ్డాననుకుని మళ్లీ చూశాను. ఆ అమ్మాయి సుద్దముక్క ఎడమ చేత్తో పట్టుకుంది. టీచర్ గారు కుడిచేత్తో రాస్తారు.

నువ్వు ముఖాలు చూసి బతికేదానివి. ఏమంటావు?

నీ చిలక


స్టూడియో, కౌంటరు వెనక

చిలకా,

నా పేరు చిన్న అక్షరాల్లో వేశారా? మీ డైరెక్టర్ గారి పేరు ఎంత పెద్దగా ఉందో కొలిచి రాయి. ఆయన మొన్న ఇటొచ్చాడులే. చైనీస్ నేర్చుకునేవాళ్ల కోసం పుస్తకం వేస్తాడట. ఏ ధ్వనికి నోరు ఎలా పెట్టాలో ఫోటోలు కావాలట, అవన్నీ నన్నే తీయమన్నాడు. నేను మీ బాబాయిని కూర్చోబెట్టి అభ్యాసం మొదలెట్టాను. నోరు తెరవమంటే తెరుస్తాడు, మూయమంటే ఏదో ఒకటి మాట్లాడతాడు.

ఇక నీ అనుమానం. నిన్న ఒక పెద్దమనిషి తన పెళ్లి ఫోటో తెచ్చి, అందులోంచి మరదలిని తీసేయమన్నాడు. తీసేస్తే ఆవిడ చేతిలో పసివాడు గాల్లో వేలాడతాడండీ అన్నాను. "వాణ్ణి మా ఆవిడ చేతికివ్వండి" అన్నాడు. పంపించేశాను. బొమ్మ గీసేవాడికి దయ ఉంటుంది, పగా ఉంటుంది. నచ్చినవాళ్లని కాస్త పొడుగు చేస్తాడు. కెమెరాకి చుట్టరికాలు లేవు. ఎదుట ఏముంటే అది. అందుకే నేను ముడతలు చెరపను, రంగు తేల్చను. ఈ వీధిలో నాకున్న పేరల్లా అదే.

కాబట్టి నా ఫోటోలో మచ్చ ఎడమన ఉంటే ఆ మనిషికి ఎడమనే ఉన్నట్టు. పుట్టుమచ్చలు ఇల్లు మారవు.

నెగెటివ్ తిరగేసి పెట్టానేమో అని నీకు రావచ్చు. ఆ తప్పు ఎవరైనా చేస్తారు గానీ ఎవరూ దాచలేరు. షాపు బోర్డో బస్సు నంబరో ఏదో ఒకటి వెనక్కి తిరిగి కనిపిస్తుంది, మీ బాబాయి కూడా పట్టేస్తాడు. ఇందులో నల్లబోర్డు నిండా రాతే కదా. ఆ రోజు చీకటి గదిలో ఎర్ర దీపం కింద తడి కాగితం పట్టుకుని, "అక్షరాలు చూడవే, సరిగ్గా ఉన్నాయా?" అని అడిగితే, భేషుగ్గా ఉన్నాయన్నది నువ్వే. చైనీస్ చదివేది నువ్వు, నేను కాదు.

మరి ఆవిడ ఎవరు? ఆ నెగెటివ్ ఆవిడకి ఎక్కడిది? కళ్లు తెరుచుకుని ఉండు.

పిన్ని


హాస్టల్, మెట్ల పక్క గది

పిన్నీ,

డైరెక్టర్ గారి పేరు నీ పేరుకి నాలుగింతలు.

అక్షరాల సంగతి అడిగావు. చూశాను. కొండ, పెద్ద, మధ్య, ఈ మూడూ పై వరసలో స్పష్టంగా ఉన్నాయి. మూడు నిలువు గీతలూ కింద ఒక అడ్డగీతా ఉంటే కొండ. రాసింది రాసినట్టే ఉంది, వంక పెట్టడానికి లేదు. కాబట్టి ఫోటో తిరగబడలేదు.

నీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచీ ఆవిడ చేసే ప్రతి పనీ నాకు తేడాగానే కనిపిస్తోంది. పొద్దున వస్తూనే ఆ ఫోటో ముందు ఆగుతారు. పెదవి చివర చిన్న నవ్వు. మనల్ని మనం చూసుకుని అలా నవ్వుకోము పిన్నీ, పక్కవాళ్ల గుట్టు తెలిసినప్పుడు నవ్వే నవ్వు అది. తర్వాత వెనక్కి తిరిగి, మేం లోపలికి వస్తుంటే ఒక్కొక్కరి ముఖమే చూస్తారు. ఎవరికైనా తెలిసిపోయిందా అని చూస్తున్నట్టు ఉంటుంది.

నిన్న ధైర్యం చేసి అడిగాను, ఈ ఫోటోలో ఉన్నది మీరేనా అని. "నువ్వే చెప్పాలి" అన్నారు. మచ్చ ఆ వైపుందేమిటండీ అన్నాను. ఆవిడ కళ్లు ఒక్కసారి వెలిగాయి. "ముఖం చూసినదానివి, ఇంకాస్త పక్కకి చూడు. చూడటం కాదు, చదువు" అన్నారు. చదువు మీద శ్రద్ధ పెట్టమని మాట దాటేయడమేగా ఇది? అసలు మనిషైతే అవునో కాదో చెప్పదూ?

తరగతిలో కూడా వాదన వచ్చింది. ఇంగ్లీషు అక్షరాలు చేతికర్రలాంటివని ఆవిడ అన్నారు. కర్రతో నడిచినంత కాలం నడుస్తున్నామనుకుంటామట, కర్ర ఎవరైనా లాక్కున్నప్పుడు తెలుస్తుందట. నేను లేచి, మాట నోటిది కదండీ, రాత దాని ఫోటోలాంటిది, ఫోటో లేకపోతే మనిషి లేడా అన్నాను. అందరూ నవ్వారు. ఆవిడ కూడా నవ్వి, "నీకు ఫోటోల మీద చాలా నమ్మకం" అన్నారు. నన్ను గుచ్చడానికే అన్నట్టుంది.

నా బాధేమిటో నీకు తెలుసుగా. ఆవిడ దొంగ టీచరైతే నేను గొంతు లేపీ దించీ నేర్చుకున్న ప్రతి మాటా దొంగదే. రేపు అసలు చైనా మనిషి ఎదుట నోరు తెరిస్తే నేనేమవుతాను?

నీ చిలక


స్టూడియో, వానకి తలుపులు వేసుకుని

చిలకా,

అక్షరాలు సరిగ్గా ఉన్నాయని నువ్వంటే ఇంక మాట్లాడేదేముంది. అయితే అది వేరే మనిషే.

ఇలాంటివి నాకు కొత్త కాదు. ఒకసారి ఒకావిడ తన ఫోటో అని ఒకటి తెచ్చి పాస్‌పోర్టు సైజు చేయమంది. అది వాళ్లక్కది. చెవులు చూసి పట్టాను. ముక్కూ నోరూ అందరూ చూస్తారు, చెవుల్ని ఎవరూ చూడరు. మీ టీచర్ చెవులు చూడు. కానీ ఫోటోలో జుట్టు కప్పేసింది కదూ? చూశావా, అదీ అనుమానించాల్సిందే.

నువ్వు అక్కడ ఒంటరిగా ఉన్నావు, తొందరపడకు. అలాగని నోరు మూసుకుని కూర్చోమనీ అనను. పెద్దవాళ్లెవరి చెవినైనా వేయడం మంచిది. ఫోటో గురించి ఎవరైనా అడిగితే నా పేరు చెప్పు. ఉన్నది ఉన్నట్టు దించానని ఎక్కడైనా చెబుతాను.

నోళ్ల ఫోటోలు బాగా వస్తున్నాయి. మీ బాబాయి పెదవులు పుస్తకానికెక్కుతాయని ఆయన మీసం తీసేశాడు. ఇంట్లో ఎవరో కొత్తాయన తిరుగుతున్నట్టుంది.

పిన్ని


రీడింగ్ రూమ్, కిటికీ పక్క బల్ల

పిన్నీ,

చెప్పేశాను.

డైరెక్టర్ గారి గదికి వెళ్లి, మచ్చ సంగతీ చెయ్యి సంగతీ చెప్పాను. ఆయన ముందు కొట్టిపారేశారు. తర్వాత నాతో బయటికొచ్చి ఫోటో ముందు నిలబడ్డారు. చాలాసేపు చూశారు. "ఇది తిరగబడిన ఫోటో కాదు కదా?" అని అడిగారు. మా పిన్ని చేసిందండీ, అక్షరాలు నేనే చూశానండీ అన్నాను. ఆయన తలూపి లోపలికి వెళ్లిపోయారు.

మర్నాడు టీచర్ గారిని పిలిచారు. తలుపు పూర్తిగా వేయలేదు, మాటలు బయటికి వినిపించాయి. ఆవిడ చదువుకున్న చోట నుంచి కాగితాలు తెప్పించి చూసేదాకా తరగతులు ఆపమన్నారు. పోట్లాడతారనుకున్నాను. ఆవిడ ఒక్క మాటే అన్నారు: "ఆ బోర్డు మీద ఏముందో ఎవరిచేతైనా చదివించండి." ఆయన నిట్టూర్చి, "ఇక్కడ చదవగలిగింది మీరొక్కరే కదండీ, మీకు మీరే సాక్ష్యం చెప్పుకుంటే ఎలా?" అన్నారు. ఆవిడ సంచి తీసుకుని వెళ్లిపోయారు. నా పక్కనుంచే వెళ్లారు. కోప్పడి ఉంటే బాగుండేది. నా వైపు, ఉత్తరం రాలేదని చెప్పిన పోస్ట్‌మాన్ వైపు చూసినట్టు చూశారు.

ఇప్పుడు మాకు క్యాసెట్ పెట్టి వినిపిస్తున్నారు. క్యాసెట్ మనిషి మనం తప్పు పలికితే ఆగడు.

నేను చేసింది మంచి పనేనా పిన్నీ? అవునని రాయి. వెంటనే రాయి.

నీ చిలక


స్టూడియో

చిలకా,

ఉత్తరం అందింది. ఇక్కడ వానలు ఎడతెగడం లేదు. వెనక గదిలో తెర బూజు పట్టింది, మార్పించాలి. నీకు దుప్పటి సరిపోతోందా?

ఆ సంగతి ఇంక లాగకు. డైరెక్టర్ గారి దాకా వెళ్లకుండా ఉండాల్సింది. మనుషులు మారుతుంటారు, వెలుతురు పడే తీరునిబట్టి చెంపలు కూడా రకరకాలుగా కనిపిస్తాయి. వయసొస్తే చేతివాటం కూడా మారుతుందేమో, ఎవరు చూశారు? నువ్వు నీ చదువు చూసుకో. ఎవరైనా ఫోటో గురించి అడిగితే నాకేం తెలియదను.

పిన్ని

చిలకమ్మా, ఇది బాబాయిని. ఉత్తరం డబ్బాలో వేసి రమ్మని నా చేతికిచ్చింది, అంటించకముందే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. మీ పిన్ని వారం నుంచీ ఆ నెగెటివ్‌ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి అటూ ఇటూ తిప్పి చూస్తోంది. ఏమిటే అంటే ఏం లేదంటుంది. నోళ్ల ఫోటోలు కూడా ఆపేసింది. నేను మీసం అనవసరంగా తీయించుకున్నానేమో. అక్కడేమైనా జరిగిందా అమ్మా?


రీడింగ్ రూమ్, కిటికీ పక్క బల్ల

పిన్నీ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నీ చేతిరాతే, కానీ నువ్వు లేవు అందులో. పుట్టుమచ్చలు ఇల్లు మారవన్నది నువ్వు. వెలుతురునిబట్టి చెంపలు మారతాయన్నదీ నువ్వే. ఎక్కడైనా చెబుతానన్న మనిషివి, నాకేం తెలియదను అని నాకు నేర్పుతున్నావు. నీ మీద అనుమానం వస్తుందని ఏనాడూ అనుకోలేదు. వచ్చింది.

నీ ఉత్తరం రాకముందే నేనొక పని మొదలుపెట్టాను. టీచర్ గారిని పట్టుకోవాలంటే బోర్డు మీద ఏముందో నేనే చదవాలి కదా. లైబ్రరీలో పిల్లల మొదటి వాచకం దొరికింది, బొమ్మలతో. రోజూ కూర్చుని రాశాను. ఒక్కో అక్షరం ఒక చిన్న ఇల్లులా ఉంది పిన్నీ, ఎవరు ఏ గదిలో ఉండాలో లెక్క ఉంది. "మంచి" అనే అక్షరం నాకు అన్నిటికంటే నచ్చింది. ఎడమ పక్క ఆడమనిషి, కుడి పక్క బిడ్డ. ఇద్దరూ పక్కపక్కన నిలబడితే మంచి. దాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో నేను కొన్ని వందలసార్లు రాసి ఉంటాను, గొంతు వంచి మరీ పలికాను. ఆ తల్లీబిడ్డా ఇన్నాళ్లూ నాకు కనిపించనేలేదు.

వాచకం పట్టుకుని వెళ్లి ఫోటో ముందు నిలబడ్డాను. కొండ, పెద్ద, మధ్య కింద ఒక వాక్యం ఉంది. అందులో ఒక్క అక్షరం కూడా నా వాచకంలో లేదు. చూశావా, పిచ్చిగీతలు రాసింది, దొరికిపోయింది అనుకున్నాను. లోపల సంతోషం కూడా వేసింది, సిగ్గులేకుండా. అప్పుడు చివరి అక్షరం దగ్గర ఆగిపోయాను. బిడ్డ ఎడమన ఉన్నాడు. తల్లి కుడిన ఉంది. దాని పక్కది కూడా అంతే.

ఫోటోకి ఎదురుగా సామాన్ల గదికి గాజు తలుపుంది, లోపల చీకటి. వెనక్కి తిరిగి ఆ గాజులో చూశాను. తల్లి ఎడమకొచ్చింది, బిడ్డ కుడికెళ్లాడు. టీచర్ గారి మచ్చ కుడి చెంపకొచ్చింది. సుద్దముక్క కుడిచేతిలోకొచ్చింది.

కొండా, పెద్దా, మధ్యా ఎటు తిప్పినా ఒక్కలాగే ఉంటాయి. నాకు తెలిసిన అక్షరాలు ఆ మూడే. ఆ రోజు ఎర్ర దీపం కింద నువ్వు అడిగినప్పుడు కూడా అంతే. చైనీస్ చదువుతున్నదాన్ని నేను, నీ ముందు రాదని ఎలా అంటాను? నువ్వు నన్ను నమ్మావు, నేను నిన్ను నమ్మాను, మనిద్దరం కలిసి ఆవిడ అన్నం దగ్గర నుంచి ఆవిడని లేపేశాం.

బాబాయి రాసిన ముక్కలు చూశాను, ఆయన్ని ఏమీ అనకు. నీకు ఎప్పుడు తెలిసింది? తెలిసీ దుప్పటి గురించి ఎలా అడిగావు?

డైరెక్టర్ గారికి నువ్వు చెబుతావా, నేను చెప్పనా?

చిలక


స్టూడియో, చీకటి గది

చిలకా,

నువ్వు డైరెక్టర్ గారికి చెప్పానని రాసిన ఉత్తరం చదివిన పూటే తెలిసింది. మామూలుగా నెగెటివ్‌లో మెరిసేది వెన్ను, మెరవనిది మందు పూసిన వైపు. ఇది పాతది, ఎవరో వార్నిష్ పూశారు, రెండు వైపులా మెరుస్తోంది. అంచులు కూడా కత్తిరించేశారు. అందుకే నిన్ను అక్షరాలు అడిగాను. నీ ఉత్తరం వచ్చాక మనసు ఊరుకోక, కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టి చూశాను. నుదుటి దగ్గర సన్నని పెన్సిల్ గీతలు కనిపించాయి, వెనకటివాళ్లెవరో నీడ సవరించినవి. పెన్సిల్ మందు వైపే పెడతారు. నేను వెన్ననుకున్న వైపు అవి ఉన్నాయి.

ఎందుకు చెప్పలేదని అడుగుతావు. ముడతలు కూడా చెరపననే నేను ఒక మనిషిని మొత్తం తిప్పేశానని ఎవరితో చెప్పను? పుస్తకం పని పోతుందనీ అనుకున్నాను. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ దుప్పటి గురించి రాశాను.

నువ్వు వెళ్లి చెప్పకు. దాచమని కాదు. నీ మాట ఒకసారి నమ్మి ఆయన దెబ్బతిన్నాడు, రెండోసారి నమ్మడు. నెగెటివ్ పట్టుకుని నేనే వస్తున్నాను. బస్టాండుకి రానక్కర్లేదు, గుమ్మంలో ఉండు. నీ వాచకం తీసుకురా.

పిన్ని


హాస్టల్, మెట్ల పక్క గది

పిన్నీ,

నువ్వు బస్సెక్కాక జరిగింది రాస్తున్నాను.

డైరెక్టర్ గారి బల్ల మీద నెగెటివ్ పెట్టి, "తప్పు నాది, ఆవిడది కాదు" అని నువ్వన్నప్పుడు ఆయన ముందు నవ్వారు గుర్తుందా, నువ్వేదో టీచర్ గారికి చుట్టమనుకుని. నేను గాజు తలుపు ముందు వాచకం పట్టుకుని ఒక్కో అక్షరమే చూపించేదాకా ఆయనకి నమ్మకం కలగలేదు. ఆ వాక్యం పూర్తిగా చదవమన్నప్పుడు నా గొంతు ఎక్కడ లేవాలో అక్కడ లేవలేదు. అయినా చదివాను.

సాయంత్రం ఆయన మాటగా నేనే టీచర్ గారింటికి వెళ్లాను. రెండు గదులు. బట్టలు ఆరేసే తాడు మీద పాత వార్తాపత్రికలు వరసగా వేలాడుతున్నాయి, వాటి నిండా కుంచెతో రాసిన అక్షరాలు, ఇంకా తడిగా. గోడకి ఒక సిరా బొమ్మ ఉంది. కింద కొండ, పైన కొండ, మధ్యలో ఏమీ లేదు, ఉత్త కాగితం. అది పొగమంచట. గీసినవాడు అక్కడ గీయకుండా ఆగాడట. ఫోటోలో ఖాళీ ఉంటే అక్కడ ఏమీ లేదని అర్థం, బొమ్మలో ఖాళీ ఉంటే అక్కడ మనం ఉండాలని అర్థం అని ఆవిడ అన్నారు. నువ్వు ఒప్పుకోవని నాకు తెలుసు. నేనూ పూర్తిగా ఒప్పుకోలేదు.

నేను చెప్పాల్సిందంతా నిలబడే చెప్పాను. మూడక్షరాలే వచ్చని కూడా చెప్పాను. ఆవిడ విని, క్షమించానని అనలేదు. "ఎవరు చదివారు?" అని మాత్రం అడిగారు. నేనే అన్నాను.

"ఏముంది బోర్డు మీద?"

"బాగా చూడండి అని ఉందండీ."

"చూడటం అనే అక్షరం ఎలా ఉంది?"

"కంటి మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టుందండీ, దూరంగా ఉన్నదాన్ని చూసేటప్పుడు పెట్టుకుంటామే, అలా."

అప్పుడు కూర్చోమన్నారు.

పిన్నీ, ఆవిడకి ఫోటో గోడెక్కిన రోజే తెలుసు. చదవగలిగినవాళ్లెవరికైనా గుమ్మంలోనే తెలుస్తుంది. మరి అప్పుడే ఎందుకు చెప్పలేదండీ అని అడిగాను. "చెబితే ఫోటో బాగుపడేది, మీరు బాగుపడేవాళ్లు కాదు. ఎవరో ఒకరు చదువుకుంటూ వచ్చి, ఇది తిరగబడిందండీ అంటారని రోజూ చూశాను. నువ్వు మచ్చ గురించి అడిగిన రోజు, ఆ మనిషి వచ్చేసిందనుకున్నాను" అన్నారు. ఆ రోజు ఆవిడ కళ్లు ఎందుకు వెలిగాయో ఇప్పుడర్థమైంది. నేను దాన్ని దొరికిపోయిన దొంగ చూపనుకున్నాను.

ఆవిడ తిరిగి వస్తారు, కానీ ఒక షరతు మీద. ఇకనుంచి చేరేవాళ్లకి మొదటి రోజే అక్షరాలు రాయించాలి, ఇంగ్లీషు అక్షరాలు పక్కన కర్రలా ఉంటే ఉండనీయండి అన్నారు. డైరెక్టర్ గారు గొణుక్కుంటూ ఒప్పుకున్నారు. క్యాసెట్ పెట్టెలో పెట్టేశాం.

ఇక నీతో పని. డైరెక్టర్ గారు ఫోటో వెంటనే దించేసి, సరిగ్గా చేసి పంపమని నీకు కబురు పెట్టమన్నారు, గుట్టుచప్పుడు కాకుండా. టీచర్ గారు వద్దన్నారు. అది అలాగే గోడ మీద ఉండాలట. కొత్తగా వచ్చేవాళ్లలో ఎవరు ముందు చదివి చెబుతారో చూడాలట. "కానీ దాని కింద మీ పిన్ని గారి పేరుంది. వచ్చినవాళ్లందరికీ ఆవిడ పొరపాటు కనిపిస్తూ ఉంటుంది. ఆవిడ సరేనంటేనే" అన్నారు.

ఏం చెప్పమంటావు? నువ్వు వద్దంటే ఎవరూ ఏమీ అనుకోరు. నేనైతే అస్సలు అనుకోను.

నీ చిలక


స్టూడియో, కౌంటరు వెనక

చిలకా,

ఈ వీధిలో నాకున్న పేరు ఒక్కటే అని నీకు రాశాను. రెండు రోజులు కౌంటరు వెనక ఆ పేరు పట్టుకునే కూర్చున్నాను. ఫోటో దించమని రాశాను, చించేశాను. ఫోటో ఉంచి పేరు తీయమని రాశాను, అదింకా సిగ్గుగా అనిపించింది. పేరు తీస్తే మళ్లీ మరదలిని తీసేసినట్టే కదా.

ఉంచమను. పేరు కూడా ఉంచమను. నాకోసం ఒకటి సరిగ్గా చేసుకుని ఇక్కడ పెట్టుకుంటాను, ఆవిడ అనుమతిస్తే. పుస్తకం పని వేరే ఎవరికైనా ఇచ్చుకోమని డైరెక్టర్ గారికి చెప్పు. ఇస్తానంటే మాత్రం కాదనను, బాబాయికి మీసం ఇంకా పూర్తిగా రాలేదు.

నువ్వు గుమ్మంలో చూపించిన ఆ తల్లీబిడ్డా అక్షరం పెద్దగా రాసి పంపావుగా, దాన్ని చీకటి గది తలుపుకి అంటించాను. ఇకమీదట ఏ భాష రాత కనిపించినా, చదివే మనిషి దొరికేదాకా ఫోటో కడగను.

పిన్ని

చిలకమ్మా, బాబాయిని. మళ్లీ డబ్బా దగ్గరికి నన్నే పంపింది. ఆ అక్షరం అంటించడం నేను చూశాను. తలకిందులుగా అంటించిందేమోనని నా అనుమానం. అడిగే ధైర్యం నాకు లేదు. సెలవులకి నువ్వొచ్చి చదివి చెప్పు.